పిండ మూలకణ పరిశోధనయు దానధర్మ విచారమును: కోయంబత్తూరు, మధుర ఆంధ్రుల చరిత్ర ననుసరించి యొక పరిశీలన

దక్షిణాంధ్రుల చరిత్రను వ్రాయువారు సాధారణముగా నాయకరాజుల విజయములను, దేవాలయముల కట్టడములను, యక్షగాన వచన వాఙ్మయమును ప్రస్తావింతురు. ఆ చరిత్రలో మఱియొక అధ్యాయము కలదు. అది దానముల చరిత్ర. ఎవరు, ఏ వస్తువును, ఎవరి కొఱకు, ఏ నియమముతో విడిచిపెట్టిరి అను విషయము రాగిరేకుల మీదను, శిలల మీదను, ఇటీవలి కాలమున ధర్మనిధుల పత్రములలోను నిలిచి యున్నది. ఆ చరిత్రను నేటి వైద్యశాస్త్రమున పుట్టిన యొక చిక్కుప్రశ్నకు అన్వయించి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మానవ పిండము నుండి మూలకణములను గ్రహించి పరిశోధన చేయుట ధర్మమా, అధర్మమా అనునదే ఆ ప్రశ్న.

ఇది దూరదేశపు పండితుల వివాదమని తోసివేయుటకు వీలు లేదు. సంతానము లేనివారికి చికిత్స చేయు కేంద్రములు నేడు కోయంబత్తూరు, మధుర నగరములలో పలు గలవు. అచ్చటికి పోవు దంపతులలో మనవారును ఉన్నారు. చికిత్స ముగిసిన పిదప మిగిలిన పిండముల నేమి చేయవలెనో తెలుపుచు వారు సంతకము చేయవలసి వచ్చును. ఆ సంతకమునకు ముందు ఆలోచింపదగిన విషయములు మన పూర్వుల దానశాసనములలోనే కొన్ని కలవని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

పరిశోధన స్వరూపము

స్త్రీ అండమును పురుష బీజమును శరీరము వెలుపల గాజుపాత్రలో కలిపి, ఏర్పడిన పిండమును గర్భాశయమున ప్రవేశపెట్టు చికిత్స 1978 జులైలో ఇంగ్లండున తొలిసారి ఫలించినది. ఆ సంవత్సరమే అక్టోబరు 3 వ తేదీన కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషి వలన మన దేశమున అట్టి తొలి శిశువు జన్మించెను. ఈ చికిత్సలో ఒకేసారి పెక్కు అండములను గ్రహింతురు గనుక తఱచుగా కొన్ని పిండములు మిగులును. వానిని అతిశీతల స్థితిలో భద్రపఱతురు.

ఐదాఱు దినముల వయసున పిండము నూఱు మొదలు రెండు వందల కణములు గల చిన్న బుడగవలె నుండును. దాని లోపలి కణములకు శరీరములోని ఏ ధాతువుగానైనను మాఱగల శక్తి కలదు. 1981 లో ఎలుక పిండము నుండియు, 1998 లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ థామ్సన్ చేతులమీదుగా మానవ పిండము నుండియు ఇట్టి కణములు వేఱుచేయబడి పెంచబడినవి. వీనినే పిండ మూలకణములు లేక స్టెమ్ సెల్స్ అందురు. మధుమేహము, వెన్నుపాము గాయములు, కంటి వెనుక పొర క్షీణించుట మొదలగు బాధలకు వీనివలన నివారణ లభింపవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ. కాని ఈ కణములను గ్రహించు సాధారణ పద్ధతిలో ఆ పిండము నశించును. రోగి యొక్క ప్రాణము ఒకవైపు, ఇంకను రూపు దాల్చని జీవము మఱియొకవైపు నిలిచినవి. వివాదమునకు మూలమిదియే.

పాశ్చాత్యుల వాదప్రతివాదములు

ఇంగ్లండున మేరీ వార్నక్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1984 లో పిండమును 14 దినములకు మించి ప్రయోగశాలలో పెంచరాదని సూచించెను. ఆ దినమునకు ఇంచుమించుగా పిండమున వెన్నుగీత వంటి తొలిరేఖ ఏర్పడును. అంతకుముందు ఒకే పిండము రెండుగా చీలి కవలలు కాగలదు. కావున అది యింకను ఏకవ్యక్తి కాలేదని వారి వాదము. 1990 లో అది బ్రిటిషు చట్టమయ్యెను. ఫలదీకరణ క్షణము నుండియే పిండము మనుష్యుడని భావించు క్రైస్తవ సంప్రదాయములు, ముఖ్యముగా కాథలిక్ మతపీఠము, ఈ వాదము నంగీకరింపలేదు.

అమెరికాలో 2001 ఆగస్టు 9 న అధ్యక్షుడు బుష్ అప్పటికే సిద్ధమై యున్న కణపరంపరలకు మాత్రమే ప్రభుత్వ ధనము లభించునని ప్రకటించెను. ఆ పరంపరల పట్టికలో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమువి 3, బొంబాయిలోని రిలయన్స్ లైఫ్ సైన్సెస్ వారివి 7 ఉండుట గమనింపదగినది. అట్లు ఆ వివాదము మన దేశపు ప్రయోగశాలల గడప తొక్కెను.

దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూసుక్ 2004, 2005 సంవత్సరములలో ప్రకటించిన ఫలితములు కల్పితములని తేలి, 2006 జనవరిలో ఆ వ్యాసములు ఉపసంహరింపబడినవి. కొందఱు స్త్రీలకు డబ్బిచ్చియు, తన క్రింద పనిచేయు యువతుల నుండియు అండములు సేకరించినట్లు అప్పుడు బయటపడెను. పిండమును గూర్చి మాత్రమే తర్కించిన లోకమునకు అండము నిచ్చు స్త్రీ ఒకతె యున్నదని గుర్తుకు వచ్చినది ఆనాడే యనవచ్చును.

మన గ్రంథములలో పిండవిచారము

ఈ విషయమున మన సంప్రదాయ మేమి చెప్పుచున్నదని అడుగుట సహజము. ఒకే సమాధానము కలదనుకొనుట మాత్రము పొరపాటు. చరకసంహిత శారీరస్థానమున శుక్రము, శోణితము, జీవుడు ఈ మూడును గర్భాశయమున కలిసినప్పుడే గర్భమను పేరు వచ్చునని కలదు. అనగా తొలినాటనే జీవుడున్నాడు. గర్భోపనిషత్తు వేఱొక క్రమమును చెప్పుచున్నది. మొదటి రాత్రికి కలలము, ఏడు రాత్రులకు బుద్బుదము, అర్ధమాసమునకు పిండము, నెలకు గట్టిపడుట చెప్పి, ఏడవ నెలలో జీవునితో కూడుననుచున్నది. మన పెద్దలు ఈ రెండు గ్రంథములను ఆదరించిరి. ఒకదానిని నిలిపి రెండవదానిని త్రోసివేయలేదు.

అర్ధమాసమునకు పిండమను మాటకును, వార్నక్ సంఘపు 14 దినములకును పోలిక కనబడగానే మన ఋషులు ఈ చట్టమును ముందే చేసిరని చెప్పుట కొందఱికి ప్రియము. అది చరిత్రకారుని మార్గము కాదు. గాంధారి గర్భము నుండి వెడలిన మాంసపిండమును వ్యాసుడు నూటయొక్క భాగములుగా నేతికుండలలో నుంచిన కథ నన్నయభట్టు రచించిన ఆదిపర్వము ద్వారా తెలుగువారికి పరిచితము. 2019 జనవరిలో జాలంధరున జరిగిన భారత విజ్ఞాన మహాసభలో ఆంధ్రదేశపు విద్యాధికారి యొకరు కౌరవులు మూలకణ విద్యచే పుట్టిరని పలుకగా దేశమున పెద్ద విమర్శ చెలరేగినది. పురాణకథ ప్రయోగమునకు సాక్ష్యము కాదు. అది ఆ కథను చెప్పుకొనిన జనుల మనస్సునకు సాక్ష్యము. భారతమున అశ్వత్థామ ఉత్తర గర్భమున నున్న పిండముపై అస్త్రము వేయుట ఆతని ఘోరకృత్యములలో నొకటిగా ఎంచబడినది. ధర్మశాస్త్రములు భ్రూణహత్యను మహాపాపములతో లెక్కించినవి. గర్భమున నున్న జీవమును మన పూర్వులు తేలికగా చూడలేదని యింతవఱకు నిశ్చయముగా చెప్పవచ్చును. గర్భమునకు వెలుపల, గాజుపాత్రలో, తల్లి కడుపు చేరు ఆశ లేక నిలిచిన పిండమును గూర్చి వారు ఆలోచించు సందర్భమే రాలేదు.

కావున జీవుడెప్పుడు ప్రవేశించెనను ప్రశ్నకు మన గ్రంథముల నుండి నిర్ణయము రాబట్టలేము. ఎట్లు ఇచ్చిన ఇచ్చుట ధర్మమగునను ప్రశ్నకు మాత్రము మనకు సమృద్ధమైన సమాధానము కలదు.

దానశాసనముల యంగములు

1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో అధికారము స్థాపించిన పిదప పాండ్య, కొంగు దేశములకు తెలుగు కుటుంబముల వలస విస్తరించెను. నల్లరేగడి నేలలను సాగుచేసిన కమ్మవారు, రెడ్లు, బలిజలు, కంబళత్తారులు మొదలగు వారు పాళెముల యందును, గ్రామముల యందును స్థిరపడిరి. 18 వ శతాబ్ది మధ్యభాగము నాటికి నాయకరాజ్యము అంతరించినను తెలుగిండ్లు నిలిచినవి. నాటి రాజులును, అధికారులును తెలుగు, సంస్కృతము, తమిళము లలో వ్రాయించిన రాగిశాసనములు దేవాలయములకు, సత్రములకు, అగ్రహారములకు చేసిన దానములను తెలుపును. రాణీ మంగమ్మ పేర మధురలో నేటికిని సత్రము కలదు.

ఆ శాసనములను పరిశీలించినవారికి నాలుగు అంగములు గోచరించును. మొదటిది దాత. అతడెవడో, ఎవరి కుమారుడో, ఏ హక్కుతో ఇచ్చుచున్నాడో చెప్పబడును. రెండవది దత్తవస్తువు. నేల యైనచో నాలుగు దిక్కుల ఎల్లలు చెప్పబడును. మూడవది ప్రయోజనము. దీపమునకా, అన్నమునకా, పాఠశాలకా యనునది స్పష్టము. నాలుగవది రక్షణ. భావికాలపు రాజులు దీనిని కాపాడవలెననియు, తానిచ్చిన దానికంటె పరులిచ్చిన దానిని పాలించుట రెట్టింపు పుణ్యమనియు, అపహరించినవాడు గంగాతీరమున గోవును చంపిన పాపమున పోవుననియు చివర వ్రాయబడును. ఈ నాలిగింటిలో నొకటి లోపించినను దానము వివాదాస్పదమగును.

ఈ సంప్రదాయము రాజులతో ముగియలేదు. కోయంబత్తూరు సమీపమున పీళమేడు నివాసులును, ఆంధ్రసంతతివారును అగు పి. ఎస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కుమారులు 1926 లో తండ్రి ఆస్తిని ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు కేటాయించిరి. అదే పి. ఎస్. జి. అండ్ సన్స్ చారిటీస్. పాఠశాలలతో వృద్ధిచెందిన ఆ ధర్మము 1985 లో వైద్య కళాశాలను స్థాపించెను. 1910 లో లక్ష్మీ మిల్సును ప్రారంభించిన జి. కుప్పుస్వామి నాయుడు గారి స్మారకముగా 1952 లో ఆ నగరముననే వైద్యశాల వెలసినది. నూలుమిల్లుల లాభము వైద్యముగా మాఱుట కొంగునాటి తెలుగువారి చరిత్రలో ముఖ్యమైన ఘట్టము. వైద్యధర్మమునకు దాతలైనవారి సంతతి వైద్యనీతిని గూర్చియు పలుకుటకు అధికారులు.

దేయము, అదేయము, ఉత్సర్గము

దానధర్మమున మొదటి ప్రశ్న వస్తువు దేయమా, అదేయమా అనునది. యాజ్ఞవల్క్యుడు కుటుంబమునకు బాధ కలుగకుండ తన సొత్తు నీయవచ్చుననియు, భార్యను, సుతుని మాత్రము ఈయరాదనియు శాసించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్య ననుసరించి 13 వ శతాబ్దిలో కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేయువాడు తల్లిదండ్రులను ఈయగలడా యని మీమాంసకులు ప్రశ్నించి, తన సొత్తు కానిదానిని ఎవడును ఈయజాలడని తేల్చిరి.

ఇప్పుడు పిండమును గూర్చి అడుగుదము. అది సుతుడైనచో అదేయము. దానిని పరిశోధనకు ఇచ్చు అధికారము తల్లిదండ్రులకే లేదు. అది కేవలము వస్తువైనచో అమ్ముటకు, కొనుటకు కూడ అడ్డుండదు. ఈ రెండు కొసలలో దేనిని పట్టినను మనస్సు సమాధానపడదు. దంపతులు దానికి యజమానులు కారు, సంరక్షకులు. పిల్లవానిగా పుట్టించు అవకాశము లేనప్పుడు ఆ సంరక్షకులు చేయగల దేమి?

ఇచ్చట ధర్మశాస్త్రములోని మఱియొక భావన ఉపకరించును. అది ఉత్సర్గము. దానమున దాత హక్కు పోయి గ్రహీతకు హక్కు వచ్చును. ఉత్సర్గమున దాత హక్కు పోవును గాని, మఱి యెవ్వరికిని స్వామ్యము రాదు. చెఱువు త్రవ్వించినవాడు సర్వప్రాణుల కొఱకు నీటిని విడిచిపెట్టును. పిమ్మట ఆ చెఱువు ఒకని సొత్తు కాదు, దానిని ఎవడును అమ్మరాదు. వాన తక్కువైన కరిసల్ భూములలో చెఱువు విలువ యెంతటిదో మధుర, కోయంబత్తూరు ప్రాంతముల రైతు కుటుంబములకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మిగిలిన పిండమును పరిశోధనకు విడుచుట ధర్మసమ్మతము కావలెనన్నచో అది విక్రయమును కాక, ఒక సంస్థకు చేసిన దానమును కాక, లోకహితార్థమైన ఉత్సర్గము కావలెను. దానినుండి పుట్టిన కణపరంపరపై ఏ వర్తకునికిని గుత్తాధికారము ఉండరాదు. ఈ నియమము లేనిచో దంపతులు విడిచినది లోకమునకు గాక ఒకని ఖజానాకు చేరును.

మన దేశపు నిబంధనలు

భారత వైద్య పరిశోధన మండలియు, జీవసాంకేతిక శాఖయు కలిసి 2007 లో మూలకణ పరిశోధనకు మార్గదర్శక సూత్రములను ప్రకటించినవి. వానిలో పరిశోధనలు అనుమతింపదగినవి, పరిమితములు, నిషిద్ధములు అని మూడు తెగలు చేయబడినవి. చికిత్సలో మిగిలిన పిండముల నుండి, దంపతుల సమ్మతితోను, సంఘముల అనుమతితోను, కణములను గ్రహింపవచ్చును. పరిశోధన కొఱకే పిండమును సృష్టించుట మిక్కిలి పరిమితము. 14 దినములకు మించి పెంచుట, మానవుని క్లోనింగు చేసి పుట్టించుట నిషిద్ధములు. 2009 లో బెంగుళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రమువారు మిగిలిన పిండముల నుండి రెండు కణపరంపరలను సాధించినట్లు ప్రకటించిరి. 2013, 2017 సంవత్సరములలో సూత్రములు సవరింపబడినవి. రుజువు కాని మూలకణ చికిత్సలను ధనము తీసికొని అమ్ము వైద్యుల నరికట్టుట ఆ సవరణల ముఖ్యోద్దేశము.

2021 లో పార్లమెంటు సహాయక సంతానోత్పత్తి విధానమును నియంత్రించు చట్టమును చేయగా, అది 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము పిండములను 10 సంవత్సరములకు మించి నిలువ యుంచరాదు. పిదప అవి నశింప విడువబడవలెను, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఈయబడవలెను. పిండముల, బీజముల విక్రయము నిషిద్ధము. అండము నిచ్చు స్త్రీ 23 మొదలు 35 సంవత్సరముల వయసు గలది కావలెను. ఆమె జీవితమున ఒక్కసారియే ఈయవలెను. 7 అండములకు మించి గ్రహింపరాదు.

చట్టము వచ్చినంత మాత్రమున అధర్మము తొలగదు. 2022 జూన్‌లో ఈరోడున వెల్లడియైన ఘోరము దీనికి సాక్ష్యము. 1979 వఱకు ఈరోడు కోయంబత్తూరు జిల్లాలోని భాగమే. అచ్చట 16 ఏండ్ల బాలికను, కల్పిత ఆధారు పత్రముతో వయసు ఎక్కువ చూపించి, కన్నతల్లియే మఱికొందఱితో కలిసి పలుమాఱులు అండములు అమ్మించినట్లు ఆరోపణ వచ్చి, తల్లితో సహా కొందఱు నిర్బంధింపబడిరి. విచారణ తమిళనాడు సరిహద్దులు దాటి తిరుపతి వఱకు సాగినది. ఆ యండములు సంతాన చికిత్స కొఱకే గాని పరిశోధన కొఱకు కాదు. అయినను రెండింటికిని మూలవస్తువు ఒకటియే, దానినిచ్చు శరీరము ఒకటియే. శాసనములలోని మొదటి యంగమైన దాత ఇచ్చట లేనేలేదు. ఇచ్చినది ఆ బాలిక కాదు. ఆమెనుండి తీసికొనిరి. పిండమున జీవుడెప్పుడు చేరునో తర్కించుటకు ముందు, ఎదుట నిలిచిన ఆ జీవుని కాపాడుట ధర్మము.

నేత్రవైద్యము చూపిన త్రోవ

పిండమును నశింపజేయకయే మూలకణములను గ్రహించు మార్గము నొకదానిని నేత్రవైద్యులు చూపిరి. కంటి నల్లగుడ్డు అంచున వయోజనులకును మూలకణములుండును. 1987 లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదున స్థాపించిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001 నుండి ఆ కణములను పెంచి, సున్నము, ఆమ్లము మొదలగువానిచే కార్నియా పాడైనవారికి చికిత్స చేయుచు వచ్చిరి. ప్రసవానంతరము తల్లులిచ్చిన ఉమ్మనీటి సంచి పొర ఆ కణములకు పాన్పయ్యెను. మధురలో డాక్టరు జి. వెంకటస్వామి గారు 1976 లో 11 పడకలతో ప్రారంభించిన అరవింద నేత్ర వైద్యశాలకు అనుబంధమైన పరిశోధన సంస్థవారు 2005 లో ఆ మూలకణములను గుర్తించు లక్షణములను ప్రకటించిరి. జపానులో యమనాకా 2006 లో ఎలుక చర్మకణములను, 2007 లో మానవ చర్మకణములను పిండకణముల స్థితికి మరల్చి 2012 లో నోబెల్ బహుమానము పొందెను.

దీనితో పిండ పరిశోధన అనవసరమయ్యెనని కొందఱందురు. అది తొందరపాటు. కంటి అంచు కణములు ముందుపొరను బాగుచేయును గాని వెనుకనున్న రెటీనాను బాగుచేయజాలవు. పిండ మూలకణముల నుండి పెంచిన రెటీనా పొర కణములను రోగులకు అమర్చిన ప్రయత్నముల తొలి ఫలితములు 2012 లో అమెరికా నుండి వెలువడినవి. వేఱుమార్గము లున్నచోట పిండము జోలికి పోరాదనియు, లేనిచోట నియమముతో పోవచ్చుననియు ఈ చరిత్ర వలన తేలుచున్నది.

ఉపసంహారము

ఈ విచారణ వలన మన సమాజమునకు ఆచరణయోగ్యములైన విషయములు నాలుగు ఏర్పడుచున్నవి. దాత యెవరో స్పష్టము కావలెను. భార్యాభర్తలిద్దఱును విషయము నెఱిగి, తొందర లేక, తమ భాషలో చదివి లేక చదివించుకొని సంతకము చేయవలెను. ఆంగ్లపత్రముపై చికిత్సకు ముందటి యాందోళనలో పెట్టిన సంతకము సమ్మతి యనిపించుకొనదు. ఎల్లలు చెప్పబడవలెను. ఎన్ని పిండములు, ఎన్ని దినముల వయసున, ఏ పని కొఱకు అనునవి పత్రమున నుండవలెను. ప్రయోజనము లోకహితము కావలెను. రక్షణ యుండవలెను. సంఘములు, అధికారులు మాఱినను మాట మాఱరాదు.

పిండము సుతుడే యని నమ్మి ఈయ నిరాకరించు దంపతులు యాజ్ఞవల్క్యుని వాక్యమున నిలిచినవారు. రోగుల కొఱకు విడిచిపెట్టు దంపతులు చెఱువు త్రవ్వించిన పూర్వుల బాటలో నడచినవారు. ఈ యిద్దఱిలో ఎవరిని నిందించుటకును మనకు అధికారము లేదు. నిరాకరించినవారికి చికిత్సలో లోటు రాకుండ చూచుటయు, అంగీకరించినవారి త్యాగము వర్తకుల పాలు కాకుండ చూచుటయు మన కర్తవ్యము. మన ధర్మనిధులచే నడుపబడు వైద్యశాలలు ఆ సమ్మతిపత్రమును తెలుగున, తమిళమున సిద్ధపఱచి, చదివి వినిపించు ఏర్పాటు చేసినచో, రాగిరేకులపై మన పూర్వులు వ్రాయించిన దానవిధి మన కాలమునకు తగిన రూపమున నిలిచినదగును.